తొమ్మిదేళ్లు, లక్షా పది వేల కిలోమీటర్లు: నా రెండు సీట్ల కారు గురించి

కొన్నప్పుడే దానికి పన్నెండేళ్లు. 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, టర్బో లేదు, అయిదు గేర్లు, వెనక చక్రాలకు పవర్, పైన బట్ట టాపు, బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరం చిన్న స్పోర్ట్స్ కార్లు ఏవి తీసుకున్నా కథ దాదాపు ఇదే. ముందే చెప్పేస్తున్నా, నేను ఎక్కువ డబ్బు పోసి చేయించిన మార్పులే నాకు తక్కువ ఇచ్చాయి.

మొదటి ఏడాది పిచ్చి అందరికీ ఉండేదే. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పీకేసి, పెట్టె లేని ఓపెన్ ఫిల్టర్ పెట్టాను. యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమని భలే శబ్దం. పికప్ పెరిగిందని ఆర్నెల్లు నమ్మాను కూడా. తర్వాత కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ తగిలించి చూస్తే, ట్రాఫిక్‌లో ఇంజన్‌లోకి వెళ్లే గాలి 65 డిగ్రీలు! బయట 25. ఇంజన్ వేడినే ఇంజన్ పీల్చుకుంటోంది. ఆ తేడాకి గాలి సాంద్రత 12 శాతం దాకా పడిపోతుంది, అంటే ఆక్సిజన్ కూడా అంతే తగ్గినట్టు. కంపెనీ బాక్స్ ముందు గ్రిల్ దగ్గరి చల్లగాలి తీసుకునేలా చేసినది. దాన్నే మళ్లీ బిగించాను. పెద్ద సైలెన్సర్ సంగతి అడగకండి. మూడు వేల ఆర్‌పీఎమ్ దగ్గర హోరు, రెండు గంటల ప్రయాణానికి తలనొప్పి. అమ్మేశాను.

కాయిల్‌ఓవర్ల మీద (కారు ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ జతలు) మాత్రం నాకు ఫిర్యాదు లేదు, తప్పంతా నాదే. ఫొటోల్లో బాగుంటుందని 45 మిల్లీమీటర్లు దించాను. షాక్ అబ్జార్బర్‌కి కదిలే చోటు లేక, చిన్న గతుకుకే చివరన ఉండే రబ్బరు దిమ్మ, అదే బంప్ స్టాప్, మీద కూర్చునేది. మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక భాగం పక్కకు గెంతేది. పైగా దించాక అలైన్‌మెంట్ చేయించలేదు. ఎనిమిది వేల కిలోమీటర్లకే టైర్ల లోపలి అంచు తీగలు తేలింది. ఇప్పుడు స్టాండర్డ్ కంటే 20 మిల్లీమీటర్లే కింద ఉంది, ముందు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీ నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండటం), టో సున్నా (చక్రాలు రెండూ నేరుగా ముందుకే చూడటం). చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు గానీ మలుపుల్లో అప్పటికంటే వేగంగా పోతుంది.

ఇంత హడావుడి చేశాక అసలు మార్పు ఎక్కడొచ్చిందంటే, సస్పెన్షన్ కీళ్లలో ఉండే పాత రబ్బరు బుష్‌లన్నీ తీసి కొత్త రబ్బరువే వేయించినప్పుడు. పదిహేనేళ్ల రబ్బరు బిరుసెక్కి, పగిలి ఉంది. అవి మారిన రోజు స్టీరింగ్ చేతికి వేరే కారులా తగిలింది. ఈ పని మొదటే చేసుంటే మిగతా సామాన్లలో సగం కొనేవాణ్నే కాదు. రబ్బరు కంటే గట్టివైన పాలీయూరితేన్ బుష్‌లు, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌కి మాత్రం వేశాను. గ్రీజు ఎండితే కిర్రుకిర్రుమంటాయి, అది భరించగలిగితేనే.

17 అంగుళాల చక్రాలు కూడా అంతే. పాత 15 అంగుళాల వాటికంటే ఒక్కోటి మూడు కిలోలు ఎక్కువ. స్ప్రింగుల కింద బరువు పెరిగితే చిన్న కారు అడుగడుగునా చెబుతుంది. రెండేళ్లకు 15కే వచ్చి, మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొన్నాను. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడటం మర్చిపోకండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని.

బ్రేకుల పాఠం రేస్ ట్రాక్ మీద నేర్చుకున్నాను. నాలుగో రౌండులో పెడల్ నేలదాకా దిగింది. గుండె జారిపోయింది. కారు కొన్నాక ఒక్కసారి కూడా బ్రేక్ ఆయిల్ మార్చలేదని అప్పుడు గుర్తొచ్చింది. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి, ఆవిరి నొక్కితే అణిగిపోతుంది. పెద్ద బ్రేక్ కిట్ కోసం వెతకడం మానేసి, ఏడాదికోసారి ఆయిల్ మార్చడం మొదలుపెట్టాను. మళ్లీ ఆ సమస్య రాలేదు. రేస్ ప్యాడ్లు ఒకసారి వేశాను. చల్లగా ఉంటే పట్టవు, వేడెక్కితే కీచుమంటాయి. రోడ్డు మీద తిరిగే కారుకి వద్దు.

ఇక నా తల ప్రాణం తోకకు తెచ్చిన సంగతి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ నీరసంగా తిరిగేది, ఒక్కోసారి ఐడ్లింగ్‌లో మిస్సింగ్. బ్యాటరీ మార్చాను. సెల్ఫ్ మోటార్ మార్చాను. కాయిళ్లు, ప్లగ్గులు మార్చాను. ప్రతిసారీ రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదటికే. బ్యాటరీ నెగెటివ్‌ని బాడీకి, ఇంజన్‌కి కలిపే ఎర్త్ కేబుల్ కూడా చూశాను, మల్టీమీటర్‌లో ఓమ్స్, అంటే నిరోధం, సున్నా చూపించింది. కేబుల్ బాగుందనుకుని తొమ్మిది నెలలు దానివైపు మళ్లీ చూడలేదు.

మీటరు అబద్ధం చెప్పలేదు, నేనే తప్పు ప్రశ్న అడిగాను. ఓమ్స్ కొలిచేటప్పుడు ఆ తీగలో పారే కరెంటు నామమాత్రం. వంద ఆంపియర్ల పైన పారినప్పుడు గానీ దాని బండారం బయటపడదు. చివరికి మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. 1.4 వోల్టులు ఎర్త్ దారిలోనే పోతున్నాయి! అక్కడ 0.2, 0.3 దాటకూడదు. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే అల్లిక పట్టీ తొడుగు కింద పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగి ఉన్నాయి. వేడెక్కేకొద్దీ నిరోధం ఇంకా పెరిగేది. కంప్యూటర్ సెన్సర్ల లెక్క కూడా ఆ ఎర్త్ ఆధారంగానే కాబట్టి మిస్సింగ్‌కి కారణమూ అదే. కొత్త పట్టీ, గరుకు కాగితం, అరగంట పని. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కదా!

అప్పటినుంచి కొలవకుండా ఏదీ మార్చడం లేదు. మొన్న ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) +14 చూపించింది, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర +3 మాత్రమే. తిరుగుడు పెరిగితే తేడా తగ్గిందంటే ఎక్కడో వాక్యూమ్ లీకు, అంటే లెక్కలోకి రాని గాలి ఇంజన్‌లోకి దూరుతోంది. గంటలో పగిలిన గొట్టం దొరికింది.

బట్ట టాపు ఉన్న కారైతే నీళ్లు పోయే దారుల్ని నెలకోసారి చూసుకోండి. ఆకుల చెత్త అడ్డుపడితే నీళ్లు కార్పెట్ కిందకో, తలుపుల కింది పెట్టె భాగంలోకో వెళ్లి తుప్పు మొదలవుతుంది. నేను గట్టి తీగతో పొడిచి, లోపల గొట్టాన్నే ఊడగొట్టుకున్నాను. గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ దారం అయితే మెత్తగా వంగుతూ వెళ్తుంది.

ఇలాంటి కారు కొనొచ్చా అంటే, మూలన ఒక టూల్ పెట్టె, ఆదివారాలు పాడుచేసుకునే ఓపిక ఉంటే కళ్లు మూసుకుని కొనండి. ఒక్కటే కారుండి, రోజూ దాంట్లోనే పనికి వెళ్లాలంటే వద్దు.

ప్రస్తుతం పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగరమంటోంది, పది నిమిషాలకు పోతోంది. జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోసిన అనుమానంతో జీఎల్-4కి మార్చాను. గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులకు జీఎల్-5లోని రసాయనాలు సరిపడవు. కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చే నెల గేర్‌బాక్స్ దింపుతున్నాను. క్లచ్ కూడా అదే చేత్తో మార్చేస్తా.