బాబిలోన్: నీలం గేటు దగ్గరే ఆగిపోకండి

బాబిలోన్ చూడాలనుకునేవారు బస మాత్రం కర్బలాలో పెట్టుకోవడం మేలు. శిథిలాలు బాగ్దాద్‌కు దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్ల దూరంలో, హిల్లా పట్టణాన్ని ఆనుకుని ఉన్నాయి. బాగ్దాద్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లేవారే ఎక్కువ. అయితే నగరంలోని రద్దీకి దారిలోని తనిఖీ కేంద్రాలు తోడై సగం రోజు మింగేస్తాయి. కర్బలా నుంచి అయితే దాదాపు గంట ప్రయాణం. జియారత్‌కు, అంటే ఇమాం హుసేన్ దర్గా దర్శనానికి, వచ్చేవారి కోసం అక్కడ అన్ని ధరల హోటళ్లూ ఉన్నాయి. హైదరాబాద్ షియా కుటుంబాలు ఎప్పటినుంచో వెళుతున్న ఊరు కాబట్టి మా హోటల్లో ఉర్దూతోనే పని జరిగిపోయింది. దర్గాకు పది నిమిషాల నడక దూరంలో గది తీసుకుంటే అద్దె బాగా తగ్గుతుంది. ఇమాం హుసేన్ సంతాప దినమైన అర్బయీన్ రోజుల్లో మాత్రం వెళ్లకండి. లక్షల మంది నడిచి వస్తారు, గది మాట అటుంచి దారే దొరకదు. శాకాహారులకు పప్పు సూప్, సమూన్ రొట్టె, అన్నం దొరుకుతాయి. నాలుగో వంటకం ఆశించకండి. హిల్లాలోనూ ఒక రాత్రి ఉన్నాం. కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటర్ అందుకునేదాకా చీకట్లో కూర్చోవలసి వచ్చింది.

శిథిలాల దగ్గర మా నుంచి విదేశీయుల టికెట్టుగా 25 వేల దినార్లు, అంటే సుమారు 1,600 రూపాయలు తీసుకున్నారు. ఆ డబ్బుకు తగ్గ సూచిక బోర్డులు లోపల లేవు. ప్రవేశంలో కనిపించే నీలం రంగు ఇష్తార్ ద్వారం (ప్రాచీన నగర ద్వారం) అసలుది కాదు, అసలు దానికన్నా చిన్నదైన నకలు. జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ కోల్డెవే బృందం 1899 నుంచి 1917 వరకు తవ్వి తీసిన మెరుపు ఇటుకలు బెర్లిన్ చేరాయి. అక్కడి పెర్గమాన్ మ్యూజియం 2023 అక్టోబరు నుంచి మూతపడింది, ద్వారం ఉన్న భాగం 2037 దాకా తెరుచుకోదంటున్నారు. కాబట్టి బెర్లిన్ టికెట్లు ఇప్పుడే కొనకండి.

అయితే ద్వారం మొత్తం బెర్లిన్ వెళ్లలేదు. బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ (క్రీ.పూ. 605–562) ఊరేగింపు దారి మట్టాన్ని మళ్లీ మళ్లీ పెంచాడు. దాంతో ద్వారం తొలి దశలు మట్టిలో పూడిపోయాయి. ఆ గోడలు అక్కడే నిలబడి ఉన్నాయి. వాటిపై రంగు పూయని ఇటుకల్లో ఉబ్బెత్తుగా తీర్చిన ఎద్దులు, నగర దైవం మార్దుక్ వాహనమైన పాము తల జంతువు వరుసగా కనిపిస్తాయి. నకలు ముందు ఫోటో దిగి వెనుదిరిగే పర్యాటకులు వీటిని చూడనే చూడరు. నా దృష్టిలో మొత్తం ప్రయాణం ఖర్చు వీటికే చెల్లు. పక్కనే ఊరేగింపు దారిలో ఇటుకలను అతికించిన తారు ఇంకా నల్లగా కనిపిస్తుంది.

నెబుకద్నెజర్ దక్షిణ ప్రాసాదం మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. 1980లలో సద్దాం హుసేన్ పాత పునాదుల మీదే కొత్త గోడలు లేపించాడు. నెబుకద్నెజర్ తన పేరు ముద్రించిన ఇటుకలు వాడాడు కదా, ఈయనా తన పేరు కొట్టించాడు. పోలిక బాగానే కుదిరింది, గోడలు మాత్రం కొత్త గోదాముల్లా ఉన్నాయి. వేలాడే తోటలు ఇక్కడే ఉండేవని ఒక మూల చూపిస్తారు. దానికి ఆధారం లేదు, నవ్వి ముందుకు నడవండి. బైబిల్లోని బాబెల్ గోపురంగా పేరుపడ్డ మెట్ల గోపురం ఎతెమెనాంకి ఉన్న చోట ఇప్పుడు నీళ్లు నిలిచిన చదరపు గొయ్యి ఉంది. శతాబ్దాలుగా అందులోని ఇటుకలు చుట్టుపక్కల ఇళ్లకు చేరాయి. 2003–04లో విదేశీ సైన్యాలు ఇక్కడే శిబిరం వేసి హెలికాప్టర్ల కోసం నేల చదును చేశాయి. యునెస్కో వారసత్వ జాబితాలో చోటు 2019లో గాని దక్కలేదు.

ఇక్కడ, శాసనాలతో పేరుపడ్డ పాత బాబిలోన్ రాజు హమ్మురాబి కోసం వెతకడం దండగ. నెబుకద్నెజర్ కన్నా ఆయన పదకొండు వందల ఏళ్లకు పైగా ముందటివాడు. ఆయన కాలపు నగరం భూగర్భ జలాల అడుగున ఉంది. ఆయన శాసనస్తంభం 1901–02 తవ్వకాల్లో ఇరాన్‌లోని సూసాలో దొరికింది. ఎప్పుడో సూసా ఏలిన ఎలాం రాజ్యపు రాజు కొల్లగొట్టి తీసుకుపోయాడు. ఇప్పుడు పారిస్ లూవ్రలో ఉంది. మోనాలిసా గదిలో తోపులాట ముగించుకుని వస్తే ఈ నల్లరాయి దగ్గర తీరిగ్గా నిలబడవచ్చు. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష అన్న నియమం అందులోదే.

బాబిలోనియన్లు నిజంగా మనకేమి ఇచ్చారో తెలుసుకోవాలంటే లండన్ బ్రిటిష్ మ్యూజియం మేలు. ప్రవేశం ఉచితం. మెసపొటేమియా గదుల్లో సరిహద్దు రాళ్ల ముందు ఆగండి. తేలు, మేక తలా చేప తోకా ఉన్న జంతువు చెక్కి ఉంటాయి. మన పంచాంగంలోని వృశ్చిక, మకర రాశుల పూర్వరూపాలివి. ఆకాశపు దారిని ముప్ఫై డిగ్రీల చొప్పున పన్నెండు రాశులుగా విడగొట్టింది క్రీ.పూ. 5వ శతాబ్దపు బాబిలోనియా ఖగోళ గణకులే. ఆ విభజన గ్రీకుల మీదుగా మన జ్యోతిష గ్రంథాల్లోకి వచ్చింది. 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజులకు, గ్రహణాలు అదే వరుసలో తిరిగి వస్తాయని వాళ్లు తేల్చారు. నిమిషానికి 60 సెకన్లు కూడా వాళ్ల అరవై లెక్క చలవే. ఇంత పనీ అరచేతిలో ఇమిడే మట్టి పలకల మీదే సాగింది. ఉగాది పంచాంగం చదివే అలవాటున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇరాక్ కంటే లండన్‌కే తీసుకెళ్లండి.

ఇరాక్ వెళ్లేవారు ముందే వీసా తీసుకుని, మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వేసవిలో నీడ లేని ఆ చోట నిలవలేరు. నీళ్లు బయటే కొనుక్కోండి. గేటు దగ్గర గైడును మాట్లాడుకునేటప్పుడు, నేల మట్టానికి దిగువన ఉన్న ఎద్దుల గోడ చూపిస్తారా అని అడగండి. తడబడితే ఇంకొకరిని చూసుకోండి.