బ్యూటైల్ టేపు, పదకొండు కిటికీలు, ఐదు చలికాలాలు

పోయిన శనివారం మా పడవలో ఒక కిటికీ చట్రాన్ని ఊరికే విప్పాను. కారుతోందని కాదు. ఐదు చలికాలాలు గడిచాక లోపల బ్యూటైల్ టేపు, అదే నీళ్ళు రాకుండా చట్రం వెనక పెట్టే మెత్తటి రబ్బరు పట్టీ, ఎలా ఉందో కళ్ళారా చూసుకుని రాద్దామని. పదహారు స్క్రూలు తీసి, చట్రం అంచు కింద ప్లాస్టిక్ గరిటె దూర్చి మెల్లగా లేపితే, టేకు చెక్కకీ ఫైబర్‌గ్లాసుకీ మధ్య బూడిదరంగు తీగలు సాగాయి. అరిసెల పాకం వేలికి అంటుకుని సాగుతుందే, అచ్చం అలాగ. 2020 ఆగస్టులో పెట్టిన టేపు అది. వేలితో నొక్కితే ఇప్పటికీ గుంట పడుతోంది.

ఇది ఎండిపోదు. నాకు ఇందులో నచ్చింది అదొక్కటే. మిగతా గుణాలన్నీ దాని వెనకే వస్తాయి, లోపాలూ అంతే.

మాది 1978లో తైవాన్‌లో కట్టిన ముప్ఫై ఆరడుగుల ట్రాలర్, చేపలు పట్టేది కాదు, గదీ వంటిల్లూ ఉన్న షికారు పడవ. సియాటిల్ పక్కన ఎవరెట్‌లో, పైన షెడ్డు లేని చోట కట్టి ఉంటుంది. ఆ కాలం తైవాన్ పడవలున్నవాళ్ళకి ఇంతకుమించి చెప్పక్కర్లేదు. లేనివాళ్ళకి: కింది పడవంతా ఫైబర్‌గ్లాసు, పైన గదికి మాత్రం బయట పల్చటి ఫైబర్‌గ్లాసు పొర, లోపల ప్లైవుడ్, దాని మీద టేకు ముస్తాబు. కిటికీలన్నీ టేకు చట్రాలు. చూడ్డానికి పెళ్ళికూతురులా ఉంటుంది. ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పడే వాన మన వానలా ఒక్కసారి కురిసి వెలిసేది కాదు, నెలల తరబడి తుంపర. ఆ తుంపర చట్రం వెనక సందు దొరికితే చాలు, ప్లైవుడ్ అంచులోకి ఇంకిపోతుంది. లోపల టేకు మీద నల్లటి చార కనబడేసరికి వెనక చెక్క ఎప్పుడో చివికిపోయి ఉంటుంది. నేను 2018లో కొన్నాక ఆ చార మీద స్క్రూడ్రైవరు ఆనిస్తే, మాగిన సీతాఫలంలో చెంచా దిగినట్టు దిగింది.

మొదటి ఏడాది చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. చివికిన చెక్కలోకి ఇంకి దాన్ని రాయిలా చేస్తుందని డబ్బా మీద రాసి ఉండే పల్చటి ఎపాక్సీ జిగురు ఒకటి కొన్నాను. చెక్కకి జల్లెడలా బెజ్జాలు పెట్టి పోశాను. పైన అర అంగుళం గట్టిపడింది, దాని వెనక తడి తడిగానే ఉండిపోయింది. తడి చెక్కలోకి ఏదీ ఇంకదు, అప్పటికే నీళ్ళు ఆ చోటు పట్టుకుని కూర్చున్నాయి కదా. చట్రం చుట్టూ, సందులు మూయడానికి ట్యూబులో వచ్చే పాలీయురేథేన్ సీలెంట్ పట్టించాను. అది సీలెంట్ కాదు, శత్రుత్వం. రెండేళ్ళకి ఒక మూల పట్టు వదిలి నీళ్ళు రానిచ్చింది, మిగతా మూడు మూలలు మాత్రం వదల్లేదు. చట్రం ఊడదీస్తుంటే నలభై ఏళ్ళ టేకు నిలువునా చీలింది. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

2020లో ఇంటి నుంచే పని కాబట్టి పదకొండు కిటికీలూ విప్పేశాను. పడవల వడ్రంగి ఒకాయన ఒక్కో కిటికీకి 1,800 డాలర్లు చెప్పారు. ఎక్కువేమీ అడగలేదని పని మొదలుపెట్టాక తెలిసింది. చివికిన ప్లైవుడ్డుని లోపలి వైపు నుంచి, గట్టి చెక్క తగిలేదాకా కోసేశాను, బయటి ఫైబర్‌గ్లాసు పొరని కదపకుండా. హీటరూ డీహ్యూమిడిఫయరూ పెట్టి మూడు వారాలు ఆరబెట్టాను. తరవాత మెరైన్ ప్లైవుడ్ ముక్కలు కోసి, ఎపాక్సీలో సిలికా పొడి కలిపి, గారెల పిండిలా జారకుండా నిలబడేలా చేసి అతికించాను. ఇదంతా ఎవరు చేసినా ఇంచుమించు ఇలాగే చేస్తారు. తేడా అంతా చట్రం మళ్ళీ బిగించేటప్పుడే.

టేపు అర అంగుళం వెడల్పు, కాయితం మీద చుట్టి వస్తుంది. చట్రం వెనక నాలుగు వైపులా ఒక వరస పెట్టాలి, మూలల్లో కొంచెం ఎక్కువ. స్క్రూ బెజ్జం నోటిని కౌంటర్‌సింక్ బిట్‌తో కాస్త గిన్నెలా తొలిచి, స్క్రూ మెడకి టేపు ముక్కని దారంలా చుట్టాలి. స్క్రూ దిగినకొద్దీ అది ఆ గిన్నెలో కుదురుకుని ఉంగరంలా మూసేస్తుంది. తొందరపడకూడదు. పిండివంటల గొట్టంలోంచి వచ్చినట్టు చుట్టూ సమంగా బయటికి వచ్చేదాకా బిగించి ఆపేయాలి. మర్నాడు పావు చుట్టు, ఆ మర్నాడు ఇంకో పావు. మొదటి కిటికీకి ఒకేసారి బిగించేశాను, టేపంతా బయటికొచ్చి లోపల ఏమీ మిగల్లేదు. మళ్ళీ విప్పాను. ఈసారి ఏమీ చీలలేదు, పది నిమిషాల్లో ఊడొచ్చింది. ఈ టేపు మీద ప్రేమ అక్కడే మొదలైంది.

ప్రేమకి మొదటి పరీక్ష మరుసటి ఏడాదే. 2021 జూన్ 28న సియాటిల్ విమానాశ్రయంలో 108 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది, అంటే 42 సెల్సియస్. రెంటచింతల వాళ్ళు నవ్వుతారేమో గానీ అప్పటికి ఇక్కడ దాదాపు సగం ఇళ్ళకి ఏసీ లేదు. ఆ సాయంత్రం పడవ దగ్గరికి వెళ్ళి చూస్తే ఎండ తగిలిన వైపు కిటికీలన్నిటి కిందా బూడిదరంగు పెదవుల్లా టేపు బయటికి జారి ఉంది. గుండె జారింది. తీరా ఏమీ కాలేదు, గరిటెతో గీకేశాను, ఆ చలికాలం చుక్క కూడా రాలేదు. ముక్కలు అతుక్కుపోతే అదే టేపుని ఉండలా చుట్టి అద్దుతుంటే ఊడొచ్చేస్తాయి.

2022 వేసవిలో నాన్న వచ్చారు. ఆయనది తాళ్ళరేవు. సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం నూనెలో మరిగించి పూసే పడవల మధ్య పెరిగిన మనిషి. టేపు ముక్క తుంచి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇదేంట్రా, సైకిల్ ట్యూబు వాసనేస్తోంది" అన్నారు. సరిగ్గా పట్టేశారు. ట్యూబులు చేసేది కూడా బ్యూటైల్ రబ్బరుతోనే, గాలిని సైతం అంత తేలిగ్గా పోనివ్వదని. ఇంకో మాట కూడా అన్నారు: "ఉప్పునీళ్ళకి చెక్క చివకదురా, వాననీళ్ళకే చివుకుతుంది. వారానికోసారి రెండు బకెట్లు సముద్రపు నీళ్ళు కొట్టు." నేను మంచినీళ్ళ పైపుతో శుభ్రంగా కడుగుతూ మురిసిపోతున్న రోజులవి. ఆయన చెప్పింది నిజమే. చెక్కని తినే బూజుకి ఉప్పు పడదు.

ఇక అసలు కథ. 2023 జనవరిలో వంటగది కిటికీ మూల, నేను కొత్తగా వేసిన చెక్క మీద, మళ్ళీ చార. రెండేళ్ళుగా అందరికీ "ఈ టేపు వెయ్యండి, జన్మలో కిటికీ విప్పక్కర్లేదు" అని చెప్పుకు తిరిగిన వాణ్ణి నేను. టేపునే అనుమానించి చట్రం విప్పేశాను. టేపు శుభ్రంగా, పొడిగా, మెత్తగా ఉంది. చెక్క మాత్రం రెండంగుళాల మేర అటుకులు నానినట్టు ఉంది. మరి నీళ్ళు ఎటు నుంచి వచ్చినట్టు?

వాన లేని ఆదివారం చూసుకుని మా ఆవిడని లోపల టార్చితో కూర్చోబెట్టి, నేను బయట పైపు పట్టుకున్నాను. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి, ఒక్కో చోట పది నిమిషాలు. పై నుంచి మొదలెడితే నీళ్ళు అన్నిటి మీదుగా పారి ఏదీ తేలదు. కింద అంచు, పక్కలు, పై అంచు. "ఏమండీ, ఇక్కడేం లేదు." ఆమెకి చలి, నాకు చలి. చివరికి గది కప్పు మీదికి పట్టాను. "వస్తోంది, వస్తోంది, ఆపకండి!"

కప్పు మీద పట్టుకుని నడవడానికి టేకు కమ్మీ ఒకటుంది, దానికి ఐదు కాళ్ళు. ఏ కాలు దగ్గరో తెలియాలి. ప్రతి కాలు చుట్టూ ఆ టేపుతోనే చిన్న గట్టు కట్టాను, పొలం మడిలాగ. నీళ్ళు మామూలుగా పోస్తే పాత తడికీ కొత్త తడికీ తేడా తెలియదని, పసుపు కలిపిన నీళ్ళు పోద్దామంది మా ఆవిడ. ఒక్కో మడి నింపి అరగంట చూశాం. మొదటిది, లేదు. రెండోది, లేదు. మూడోది నింపిన ఇరవై నిమిషాలకి, అక్కడికి నాలుగడుగుల దూరంలో, కిటికీ పై మూల నుంచి పసుపు చుక్క ఒకటి దిగింది. స్క్రూ బెజ్జంలోంచి కప్పు చెక్క పొరల మధ్యకి దిగి, ఏటవాలుగా పారి, నేను ఎపాక్సీ పూయకుండా వదిలేసిన కొత్త ప్లైవుడ్ పై అంచుని పట్టుకుంది. కింది అంచుకి మూడు పూతలు వేశాను. పై అంచుకి నీళ్ళెలా వస్తాయిలే అనుకున్నాను.

కాబట్టి "జన్మలో విప్పక్కర్లేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆపగలిగిన చోట టేపు నీళ్ళని ఆపుతుంది, అంతే. జరిపే అద్దాలున్న కిటికీల్లో కింది గాడిలో నీళ్ళు పోయే చిన్న బెజ్జాలు నాచుతో మూసుకుపోతే ఏ టేపూ ఏమీ చేయలేదు. నెలకోసారి పుల్లతో పొడవడం నా పనే. ఇంకా, ఇది జిగురు కాదు. స్క్రూలు లేకుండా అద్దాన్ని నేరుగా గోడకి అతికించే కొత్త తరహా కిటికీలకి పనికిరాదు. దీని మీద రంగు నిలవదు. బయటికి కనిపించే అంచు దుమ్ము పట్టి నల్లగా గీత గీసినట్టవుతుంది. తెల్ల పడవ వాళ్ళకి అది కంటగింపే. డీజిల్ పడితే కరుగుతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర వాడలేదు. ఊళ్ళో హార్డ్‌వేరు షాపులో చవగ్గా కొన్న రకం ఒక కిటికీకి వాడాను, అది ఎండకి కారిపోయింది, మళ్ళీ వేయాల్సొచ్చింది. పడవల కోసమని అమ్మే గట్టి రకమే నిలబడింది.

మీరు కొనాలా అంటే, నాలాగా స్క్రూలతో బిగించే చట్రాలుండి, వారాంతాలు పడవకిచ్చే ఓపికుండి, మూడు రోజుల్లో పావు చుట్టు పావు చుట్టుగా బిగించే మనస్తత్వం ఉంటే, కళ్ళు మూసుకుని కొనండి. షెడ్డు కింద కట్టుకునే పడవైతే ఇంత కష్టం అక్కర్లేదేమో. ఎండలు మండే చోట ఎలా ఉంటుందో మాత్రం పూచీ ఇవ్వను, మా దగ్గర వేడి అంటే ఆ ఒక్క వారమే.

కమ్మీ కాళ్ళన్నీ స్క్రూలు తీసేసి బోల్టులకి మార్చాను, కింద అదే టేపు. బిగించేటప్పుడు బోల్టుని తిప్పకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి, లేకపోతే టేపు మెలిపడుతుంది. ఆ పని మా ఆవిడా నేనూ చెరోవైపు ఉండి చేశాం. వంటగది మూలలో పసుపు మరక మాత్రం పోలేదు. ఎండ తగిలితే పసుపు పోతుందంటారు, అక్కడికి ఎండ రాదు. వచ్చినవాళ్ళు ఏంటది అనడిగితే పూజ చేశాం అంటుంది మా ఆవిడ.