అమలాపురంలో పది రోజుల వింగ్ చున్: బస, భోజనం, సాధన

కిందటి సంక్రాంతికి ముందు పది రోజులు సెలవు పెట్టి, వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య నేర్చుకోవడానికి కోనసీమ వెళ్ళాను. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి బస్సులో, పక్క సీటులోని మనిషి నా మీద చెయ్యి వేస్తే గొంతు పెగలక బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆ రాత్రే ఆత్మరక్షణ నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. సన్నగా ఉండే నాకు కండబలం మీద కాక, ఒడుపు మీద ఆధారపడే విద్య కావలసి వచ్చింది. యిమ్ వింగ్ చున్ అనే యువతి ఒక సన్యాసిని దగ్గర ఈ విద్య నేర్చుకుని, బలవంతంగా పెళ్ళాడబోయినవాణ్ణి ఓడించిందని పరంపరలో చెప్పుకుంటారు. అది కథే కావచ్చు. 1893లో చైనాలోని ఫోషాన్‌లో పుట్టిన ఇప్ మాన్ హాంకాంగ్‌లో ఎందరికో దీన్ని బోధించారన్నది మాత్రం చరిత్ర. బ్రూస్ లీ ఆయన శిష్యుడే.

హైదరాబాదు నుంచి నరసాపురం రైలులో వచ్చి పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి దిండి చేరాను. మొదటి మూడు రాత్రులు ఏటి ఒడ్డున ఒక కాటేజీలో ఉన్నాను. తెల్లవారుజామున మంచులోంచి పడవలు తేలివచ్చే ఆ దృశ్యం కోసం మళ్ళీ వెళ్తాను గానీ, సాధన కోసం వెళ్ళను. శిక్షణ అమలాపురంలో ఉదయం ఐదున్నరకు మొదలయ్యేది. అక్కడికి బస్సులో గంటకు పైగా పడుతుంది. ఎనిమిదింటికి ముందు ఫలహారం ఉండదన్నారు. గదిలో నున్నటి పాలరాతి మీద పాదం నిలిచేది కాదు. మూడో రోజు బస్సు తప్పిపోయి తరగతి పోయాక, అమలాపురంలో ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద గది తీసుకున్నాను.

ఆ గదిలో ఏసీ లేదు, దోమల బాధ ఉంది, వేడినీళ్ళు అడిగి తెచ్చుకోవాలి. అయినా గరుకు సిమెంటు డాబా, తరగతి నుంచి రాగానే వేడి పెసరట్టు ఉప్మా, నడిచి వెళ్ళేంత దూరంలో శిక్షణ శాల ఉండడం నాకు ఏటి ఒడ్డు కాటేజీ కన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి. డాబా మీద నేను గాలిలో చేతులు తిప్పుతుంటే చుట్టుపక్కలవారెవరూ వింతగా చూడలేదు. దసరాకు వీధుల్లో కర్రసాము, కత్తిసాము వంటి విన్యాసాలతో చెడీ తాలింఖానా జరిగే ఊరు కదా, సాధన చేసేవారంటే అక్కడ గౌరవం ఉంది.

మా గురువుగారు మొదటి మూడు రోజులూ 'సియు నిమ్ తావ్' అనే తొలి సాధనక్రమం తప్ప మరేమీ చేయించలేదు. 'చిన్న తలపు' అని దాని అర్థం. మేకను మోకాళ్ళ మధ్య ఒడిసి పట్టినట్టు నిలబడి, మోచేతిని శరీర మధ్య రేఖ వైపు అతి నెమ్మదిగా నెట్టాలి. కాళ్ళు వణుకుతున్నా భుజం బిగియకూడదు. నా భుజం బిగిసిన ప్రతిసారీ ఆయన "ఆయ్, బలం పెట్టకండమ్మా, వదిలెయ్యండి" అనేవారు. ఐదో రోజున 'చి సావ్' మొదలైంది: ఎదుటివారి ముంజేతులకు మన ముంజేతులు ఆనించి, వారి ఒత్తిడి ఎటు మళ్ళుతోందో కంటితో కాక చర్మంతో పసిగట్టే సాధన ఇది. అవతలివారు తోస్తే ఎదురు తోయకుండా పక్కకు మళ్ళించి, ఖాళీ అయిన మధ్య రేఖలోకి చెయ్యి పోనివ్వాలి. ఎవరైనా తాకగానే రాయిలా బిగుసుకుపోయే నా అలవాటు ఎంత లోతుకు పాతుకుపోయిందో అప్పుడు తెలిసింది. ఏడో రోజు సాయంత్రం అవతలి అమ్మాయి నా మణికట్టు పట్టి లాగినప్పుడు నా భుజం మొదటిసారి బిగియలేదు. ఆ క్షణంలో నాకు కన్నీళ్ళు వచ్చాయి.

పది రోజులకే ఎవరినైనా ఎదిరించగలనని నేను అనుకోవడం లేదు. గురువుగారు కూడా ముందు గట్టిగా "వద్దు" అని అరవడం, దూరం జరగడం, వీలైతే పారిపోవడం నేర్పాకే గుద్దు నేర్పారు. చెక్క మనిషి, అంటే దెబ్బలు సాధన చేసే కొయ్య దిమ్మ, మీద సాధన మాత్రం ఈసారి అందలేదు; దానికి ఇంకా సమయం ఉందన్నారు.

వచ్చే దసరాకు మళ్ళీ వెళ్తున్నాను. పండుగకు ఊళ్ళో గదులు దొరకవని పెద్దావిడ చెప్పడంతో, మేడ మీద గదికి అప్పుడే అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఈసారి దోమతెర తీసుకువెళ్తాను.