లాప్‌టాప్‌లో వైఫై కార్డు మార్చి రెండేళ్లు: ఎలా ఉందంటే

నా లాప్‌టాప్‌లో ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డు (లోపల ఉండి వైఫైని అందుకునే చిన్న భాగం) వేసుకుని రెండేళ్లు దాటింది. కొన్న వారానికే రాసి ఉంటే ఐదు నక్షత్రాలు ఇచ్చేసేదాన్ని. వైఫై రోగాలు వారంలో బయటపడవు కాబట్టి ఇన్నాళ్లూ ఆగాను.

నేను విజయవాడలో ఉండి న్యూజెర్సీ పిల్లలకు తెలుగు చెబుతాను. ఇక్కడ ఉదయం ఆరు, వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. గుణింతం సగంలో ఉండగా నా లాప్‌టాప్‌లో వైఫై పోయేది. మొదట్లో రోజుకోసారి, తర్వాత గంటకోసారి. పక్కనే ఉన్న ఫోన్‌లో అదే వైఫై హాయిగా నడిచేది, అందుకని రౌటర్‌ని తిట్టడం మానేశాను. (మీ ఇంట్లో ఫోన్ కూడా కట్ అవుతుంటే ఈ కార్డు కొనకండి, దండగ.)

విండోస్‌లో భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర, కరెంటు ఆదాకి కార్డుని ఆపనిచ్చే టిక్ తీసేశాను. రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) తీసి కొత్తది వేశాను, అదే తంతు. చివరికి కార్డే మాయమవడం మొదలైంది. వైఫై గుర్తు ఉండాల్సిన చోట గ్లోబు బొమ్మ, డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం. రీస్టార్ట్‌కి లొంగేది కాదు. పూర్తిగా ఆపి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుంటేనే తిరిగొచ్చేది. రిపేరు షాపతను మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు మేడమ్, ఎనిమిది వేలవుతుంది" అన్నాడు. కార్డు నాకు రెండు వేల లోపే వచ్చింది.

కొనేముందు అంకె సరిగ్గా చూసుకోండి. ఏఎక్స్201, ఏఎక్స్211 కూడా అచ్చం ఇలాగే ఉంటాయి కానీ వాటికి తగిన ఇంటెల్ లాప్‌టాప్‌లలోనే పనిచేస్తాయి. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఏఎండీ ప్రాసెసర్, అందుకే 210. కొన్ని లాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, అలాంటివాటిలో మార్చలేం. డ్రైవర్ని ముందే పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి. కొత్త కార్డు పెట్టాక నెట్ ఉండకపోవచ్చు, అప్పుడు డౌన్‌లోడ్ ఎలా చేస్తారు?

ఛార్జర్ పీకి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి మొదలుపెట్టాను. కార్డుకి ఒకటే స్క్రూ, అది సులువే. అసలు పరీక్ష యాంటెన్నా వైర్ల దగ్గర. నల్లదొకటి, తెల్లదొకటి. చివర ఆవగింజంత టిచ్ బటన్లు. మావాడు టార్చి పట్టుకుంటే ఇరవై నిమిషాలు వాటితోనే సరిపోయింది. సరిగ్గా కూర్చుంటే వేలికి చిన్నగా 'టిక్' మని తెలుస్తుంది. ఒకటి కూర్చోలేదని నాకు మర్నాడు తెలిసింది. రౌటర్ ఎదురుగానే కూర్చున్నా సిగ్నల్ ఒక గీతే! మళ్లీ విప్పాను.

ఆ తర్వాత ఈ రెండేళ్లలో కార్డు ఒక్కసారి కూడా మాయం కాలేదు. అయితే మొదటి నెలలో ఆరుంపావు ప్రాంతంలో గొంతు తెగేది. కార్డుదే తప్పనుకుని దాదాపు వాపసు పంపేదాన్ని. తీరా చూస్తే అది అత్తయ్యగారు మైక్రోవేవ్‌లో పాలు వేడిచేసుకునే టైము. మైక్రోవేవ్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే దారిలో నడుస్తాయి. మా రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లకూ (దారులకూ) ఒకే పేరు పెట్టడంతో లాప్‌టాప్ వెళ్లి 2.4లో కూర్చుంది. కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి 'ప్రిఫర్డ్ బ్యాండ్'ని 5కి మార్చాను. పాలు, పాఠం ఇప్పుడు ఒకేసారి సాగుతున్నాయి.

6 గిగాహెర్ట్జ్ కూడా ఉందని డబ్బా మీద గొప్పగా రాశారు. నా రౌటర్‌కి ఆ యోగం లేదు కనుక దాని సంగతి చెప్పలేను. 5కి గోడలంటే పడదు. రెండు గోడల అవతల ఉన్న వెనక గదిలో ఈ కార్డుకీ సిగ్నల్ అంతంతమాత్రమే. అందుకే క్లాసు హాల్లోనే, డైనింగ్ టేబుల్ మీద.