జెల్లీ ముద్దా, కొమ్మల గొట్టమా: నాచు జంతువుల్లో పెంచడానికి ఏది మేలు?

మంచినీటి నాచు జంతువును (బ్రయోజోవన్, అంటే కాలనీగా అతుక్కుని బతికే చిన్న జీవి) పాత్రలో బతికించి, అది తింటుంటే మైక్రోస్కోపులో చూడాలంటే కొమ్మల గొట్టాల్లా పెరిగే ప్లుమటెల్లానే పట్టుకోండి. చూపు మాత్రం ముందు జెల్లీ ముద్దలా ఉండే పెక్టినటెల్లా మాగ్నిఫికా మీదే పడుతుంది. 1851లో జోసెఫ్ లీడీ వర్ణించిన ఈ జాతి, మునిగిన కొమ్మను పట్టుకుని పుచ్చకాయంత ముద్దగా పెరుగుతుంది. కప్పగుడ్లేమో అనుకుంటారు గానీ, వాటిలోలాగా ఒక్కో జెల్లీ బొట్టులో నల్లచుక్క ఉండదు.

ముద్దలో 99 శాతం నీరే, జీవులు పైపొరలోనే ఉంటాయి. చిక్కంతా అక్కడే. కొన్ని చచ్చాయంటే జెల్లీ కుళ్లి, అమ్మోనియా పెరిగి, మిగతావీ పోతాయి. చలి కూడా పడదు.

గుర్తుపట్టడంలో మాత్రం పెక్టినటెల్లాదే పైచేయి. దాని స్టాటోబ్లాస్టు, అంటే గట్టి పెంకున్న నిద్రమొగ్గ, దాదాపు 1 మి.మీ. బిళ్ల. అంచు చుట్టూ ఒకే వరుస కొక్కేలు. మరో నాచు జంతువు క్రిస్టటెల్లాకైతే రెండు వరుసలు. ప్లుమటెల్లా జాతులను విడదీయాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాకా పోవాల్సి రావచ్చు.

పెంపకానికి ప్లుమటెల్లా కాలనీని పీకి తేవడం దండగ, గొట్టాలు చిరుగుతాయి. చెరువు అంచున తేలే గోధుమరంగు స్టాటోబ్లాస్టులను సన్నని వలతో తీయండి. ఇవి అర మిల్లీమీటరే. నీళ్లలో వేసి, 4 డిగ్రీల చలిలో కొన్ని వారాలు ఉంచాక, 20–25 డిగ్రీల నీళ్లున్న పళ్లెంలోకి మార్చండి. పైన ప్లాస్టిక్ పెట్రీ మూతను గాలి బుడగలు లేకుండా పరచండి. సాధారణంగా వారం రోజుల్లో పెంకు రెండుగా విచ్చి, బయటికొచ్చిన పిల్ల మూతకు అంటుకుంటుంది.

ఆ మూతను పిల్లలున్న వైపు కిందికి ఉండేలా తొట్టిలో వేలాడదీయాలి. అప్పుడు మలం కిందికి రాలిపోతుంది. పైకి తిప్పి పెడితే ఒండ్రు కప్పి ఊపిరాడదు. మేతకు ఒక్క శైవలాలే వేస్తే ఎక్కువసార్లు దెబ్బతింటుంది. గోల్డ్‌ఫిష్ తొట్టి అడుగు మట్టిని కదిపి, ఆ నీటిని నెమ్మదిగా పారించండి. క్లోరిన్ నీళ్లు, రాగి గొట్టాలు వద్దు. నత్తలుంటే ఏరేయండి, కాలనీని గీకేస్తాయి.

చూసేటప్పుడు బల్ల కదిలితే అన్నీ లోపలికి ముడుచుకుంటాయి. కాసేపు ఆగితే గుర్రపు లాడంలా టెంటకిళ్లు (మేత పట్టే సన్నని మీసాలు) విచ్చుకుంటాయి. రేణువులు వాటి మధ్యగా నోటికి జారతాయి. పాత గొట్టం ఒండ్రు పట్టి మసకగా ఉంటుంది కనుక, పెరిగే కొనకే ఫోకస్ చేయండి. అక్కడ పేగులో కదులుతున్న మేత కూడా కనబడుతుంది.

ఒక్క ఇబ్బంది: ప్లుమటెల్లా తేలే మొగ్గలతో పాటు ఉపరితలానికి అతుక్కునే సెసోబ్లాస్టులనూ వదులుతుంది. తొట్టి ఖాళీ చేసినా అవి అలాగే ఉంటాయి, కాబట్టి గాజును బ్లేడుతో గీకాలి.