లోపలి హ్యాండ్లర్, బయటి హ్యాండ్లర్: స్కీమ్‌తో ఆరేళ్ళు

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ, ఆఫీసు పని అయ్యాక సొంత లెక్కలకి ఆరేళ్ళుగా స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడుతున్నాను, ఎక్కువగా దాన్ని నడిపే చిబి అనే సాఫ్ట్‌వేర్‌తో. నాకు అన్నిటికన్నా నచ్చింది స్కీమ్‌లో ఎక్సెప్షన్ల తీరు, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే తప్పుల్ని చూసుకునే పద్ధతి. నిద్ర చెడగొట్టిందీ అదే. తప్పు జరిగిందని ప్రోగ్రామ్ చెప్పడం రైజ్, దాన్ని అందుకుని ఏం చెయ్యాలో చూసే కోడ్ హ్యాండ్లర్; ఒక హ్యాండ్లర్‌కి బయట ఇంకోటి ఉండొచ్చు.

గదిలో ఉండే అనంతపురం తమ్ముడు ఒకరోజు అడిగాడు: "అన్నా, హ్యాండ్లర్ లోపలే ఇంకో ఎర్రర్ వస్తే మళ్ళీ ఆ హ్యాండ్లర్ దగ్గరికే పోయి గిరగిరా తిరగదా?" తిరగదు. రైజ్ చేసిన చోటే, స్టాక్ (మధ్యలో ఉన్న ఫంక్షన్ పిలుపుల వరస) ఇంకా విప్పకముందే హ్యాండ్లర్ నడుస్తుంది. అది నడుస్తున్నంతసేపూ అమల్లో ఉండేది మాత్రం దాని బయటి హ్యాండ్లర్. 2013లో వచ్చిన స్కీమ్ భాషా ప్రమాణం ఆర్‌7ఆర్‌ఎస్‌లో ఉన్న ఈ నియమం నాకు ప్రాణం.

రైజ్-కంటిన్యుబుల్ (పని కొనసాగించనిచ్చే రైజ్) అయితే హ్యాండ్లర్ ఇచ్చిన విలువ పిలిచిన చోటికే వస్తుంది. పాడైన అంకె బదులు సున్నా ఇచ్చి పని సాగించొచ్చు. మామూలు రైజ్‌లో హ్యాండ్లర్ తిరిగొచ్చిందంటే రెండో ఎక్సెప్షన్ పుట్టి బయటి హ్యాండ్లర్‌కి పోతుంది. లోపల మెసేజ్ ప్రింట్ చేసి ఊరుకుంటే, బయట కనపడేది అసలు తప్పు కాదు.

ఇక గార్డ్, అంటే తన షరతులకి కుదిరిన ఎక్సెప్షన్లని మాత్రమే పట్టేది. మా అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకర్ల లెక్క రాసే ప్రోగ్రామ్‌లో డైనమిక్-విండ్ పెట్టాను, అది ఒక కోడ్ ముక్కలోకి వెళ్ళిన ప్రతిసారీ ఒక పని, బయటికొచ్చిన ప్రతిసారీ ఇంకో పని చేస్తుంది: లోపలికి వెళ్ళేటప్పుడు ఫైల్ తెరవడం, బయటికొచ్చేటప్పుడు మూయడం. చుట్టూ స్ట్రింగులు (మాటల రూపంలో ఉండే విలువలు) మాత్రమే పట్టే గార్డ్, దానికి బయట అన్నీ పట్టే గార్డ్. ఒక పాడు లైన్ దగ్గర స్ట్రింగ్ కాకుండా సింబల్ అనే ఇంకో రకం విలువ రైజ్ అయింది. చూస్తే నెల లెక్క మొత్తం ఖాళీ! రెండు రాత్రులు వెతికాను. గార్డ్ ముందు బయటికొచ్చి తన షరతులు చూస్తుంది, ఏదీ కుదరకపోతే రైజ్ జరిగిన చోటికే తిరిగి వెళ్ళి, అక్కడినుంచి బయటి హ్యాండ్లర్‌ని పిలుస్తుంది. ఆ తిరుగు ప్రయాణంలో డైనమిక్-విండ్ వల్ల ఫైల్ రాయడానికి మళ్ళీ కొత్తగా తెరుచుకుని, అంతదాకా రాసిందంతా తుడిచిపెట్టుకుపోయింది.

అది చిబి తప్పు కాదు, ప్రమాణం చెప్పినట్టే నడిచింది. అలా వెనక్కి వెళ్ళడం వల్లే, రైజ్-కంటిన్యుబుల్ అయినప్పుడు బయటి హ్యాండ్లర్ విలువ ఇచ్చి పని కొనసాగించగలదు, కాబట్టి దాన్ని తీసెయ్యమని అడగను. ఇప్పుడు ఫైల్‌ని డైనమిక్-విండ్‌కి ముందే తెరుస్తున్నాను, మూయడం ఒక్కటే లోపల. మూసిన ఫైల్‌ని మళ్ళీ మూసినా ఏమీ కాదు.