ఎపాక్సీ పరుపా, అల్యూమినియం పీఠమా: రైఫిల్ యాక్షన్‌కు ఏది మేలు?

వానాకాలంలో టేకు తలుపు ఉబ్బి గడపకు పట్టేస్తే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. ఎండాకాలం రాగానే అదే తలుపు సందు వదులుతుంది. రైఫిల్ లోహ భాగాలను మోసే కర్రకూ (స్టాక్‌కూ) ఇదే జబ్బు. అమెరికా మెరైన్ దళం 1966లో రెమింగ్టన్ 700 ఆధారంగా తెచ్చిన ఎం40 రైఫిల్‌కు వాల్‌నట్ కర్ర ఉండేది. వియత్నాం తేమకు అది వంకర తిరగడంతో గురి చెదిరింది. 1970లలో దాని స్థానంలోకి ఫైబర్‌గ్లాస్ వచ్చింది.

యాక్షన్ అంటే బోల్టు ముందుకూ వెనక్కూ నడిచే ఉక్కు భాగం. దాని ముందు కొనకు బ్యారెల్ బిగించి ఉంటుంది. తూటా పేలిన ప్రతిసారీ యాక్షన్ వెనక్కి తన్నుతుంది. ఆ తాకిడిని కింద పలకలా దిగి ఉండే రికాయిల్ లగ్ అడ్డుకుంటుంది. తన్నిన తర్వాత యాక్షన్ వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ అదే చోట కూర్చోవాలి. బెడ్డింగ్, అంటే యాక్షన్ కదలకుండా కూర్చునే పరుపు వేయడం, ఆ గొడవంతా ఇందుకే.

పాత పద్ధతిలో కర్రను కాస్త తొలిచి, రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురు ముద్ద పోసి, యాక్షన్‌ను అందులోనే ఒత్తి గట్టిపడనిస్తారు. మైనం పూయడం మరిచారా, యాక్షన్ ఇక బయటికి రాదు. లగ్‌కు ముందు, పక్కల, అడుగున టేపు అంటిస్తారు. తర్వాత టేపు తీసేస్తే వెనక ముఖం ఒక్కటే ఎపాక్సీని ఆనుకుంటుంది. యాక్షన్‌ను కర్రకు బిగించే స్క్రూల చుట్టూ లోహపు గొట్టాలు కూడా దించితే ఎంత బిగించినా కర్ర నలగదు. దర్జీ ఒంటికి కొలిచి కుట్టినట్టే ఈ పని. ఆ యాక్షన్‌కు ఆ పరుపు అతికినట్టు సరిపోతుంది, మరో యాక్షన్‌కు పనికిరాదు.

కర్రకు బదులు వాడే అల్యూమినియం చట్రం, అంటే చాసిస్, దారి వేరు. ఫిట్టరు గుండ్రటి కడ్డీని వి-బ్లాకులో పెట్టినట్టు, గుండ్రటి అడుగున్న యాక్షన్‌ను వి ఆకారపు గాడిలో కూర్చోబెడతారు. అప్పుడది రెండు గీతల మీదే ఆని, తనంతట తానే మధ్యకు సర్దుకుంటుంది. రెండు స్క్రూలను 65 అంగుళ-పౌన్లకు, అంటే సుమారు 7.3 న్యూటన్-మీటర్లకు బిగిస్తే పని అయిపోతుంది. తేమకు ఉబ్బదు. వేడికి ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుందని కొందరు బెదిరిస్తారు. లెక్క వేసి చూశాను: 150 మిల్లీమీటర్ల పొడవులో 30 డిగ్రీలు పెరిగితే వచ్చే తేడా 0.05 మిల్లీమీటర్లు. స్క్రూ రంధ్రాల్లో ఉండే వెసులుబాటుకు అదొక లెక్క కాదు.

'బెడ్డింగ్ అక్కర్లేదు' అన్న మాట నమ్మి నేనూ నా రెమింగ్టన్ 700కు చాసిస్ కొన్నాను. తూటాలు పైకీ కిందికీ చెదిరాయి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్టు తీసేసి, చాసిస్ ముందు కొసకు సన్నటి కదలికను కొలిచే డయల్ గేజి కట్టి, దాని ముల్లును బ్యారెల్‌కు ఆనించాను. ముందు స్క్రూ వదులు చేయగానే ముల్లు 0.1 మిల్లీమీటరు దాటింది. 0.05 దాటితేనే అనుమానించాలి. యాక్షన్ విల్లులా వంగి బిగిసి ఉందన్నమాట. ఎపాక్సీ డబ్బా కోసం చెయ్యి చాచి ఆగాను. యాక్షన్ అడుగున, తాకిన చోటల్లా మరక అంటించే ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పల్చగా పూసి కూర్చోబెట్టి తీసి చూస్తే, వి గాడిలో వెనక వైపు రెండు నీలి గీతలు నిండుగా పడ్డాయి, ముందు వైపు జాడే లేదు. లగ్ గాడి అడుగున మాత్రం చిన్న నీలి మచ్చ ఉంది.

దొంగ దొరికాడు. నేను విడిగా కొని వేయించిన లగ్ మందంతో పాటు కాస్త పొడవూ ఎక్కువ. అది గాడి అడుగును తాకి యాక్షన్ ముక్కును పైకెత్తుతోంది. లగ్ కొసను ఆకురాయితో కొంచెం రాశాను. రైఫిల్‌ను నిలబెట్టి, లగ్ వెనక్కి ఆనేలా నొక్కి, ముందు స్క్రూ మొదట బిగించాను. తర్వాత మళ్లీ అదే పరీక్ష చేస్తే ముల్లు కదిలీ కదలనట్టు ఆగింది. ఆ తప్పు మీద ఎపాక్సీ పోసి ఉంటే అది కప్పుకుపోయేదే తప్ప దొరికేది కాదు.

అలాగని చాసిస్ వాళ్లందరూ ఎపాక్సీని వెలివేశారనుకోకండి. 1984, 1988 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన బ్రిటిష్ షూటర్ మాల్కమ్ కూపర్ స్థాపకుల్లో ఒకరైన అక్యురసీ ఇంటర్నేషనల్ సంస్థ తన ఏడబ్ల్యూ రైఫిల్‌లో యాక్షన్‌ను అల్యూమినియం చాసిస్‌కు స్క్రూలతో బిగించడమే కాక ఎపాక్సీతో అతికించింది కూడా. అమెరికా సైన్యం 1988లో తీసుకున్న ఎం24ది నడిమి దారి: పైకి మిశ్రమ పదార్థపు స్టాక్, లోపల అల్యూమినియం దిమ్మ.

నన్నడిగితే, పోటీల కోసం గుండ్రటి యాక్షన్ ఉన్నవారికి చాసిసే మేలు. బ్యారెల్ మార్చినా, విప్పి కడిగినా మళ్లీ అదే చోటికి వస్తుంది. గేజి చూపిన తప్పుకు వేరే కారణం దొరక్కపోతేనే గాడిలో పల్చటి ఎపాక్సీ పూత వేయాలి. మౌజర్ లాంటి చదును అడుగు యాక్షన్లకు వి గాడి కుదరదు. వాటిని ఎపాక్సీలో కూర్చోబెట్టడమే సుఖం.

నా వేట రైఫిల్ మాత్రం ఇంకా వాల్‌నట్ కర్రలో, ఎపాక్సీ పరుపు మీదే ఉంది. డిసెంబరు తెల్లవారుజామున చల్లటి అల్యూమినియం మీద చెంప ఆనించి చూడండి, ఎందుకో తెలుస్తుంది.